సుబేదారుగారి పావుగంట

మంగళవారం పొద్దున మెట్రోలో నిలబడి ఉండగా మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఒక వాక్యం వచ్చింది. "సుబేదార్ సాబ్ నహీఁ రహే." సుబేదారుగారు ఇక లేరని. కింద ఫ్లాట్ నంబరు, దహనం ఎన్ని గంటలకో ఉన్నాయి. అది మా తలుపుకి ఎదురు తలుపు నంబరు. గంట క్రితం మా ఇంటి తాళం వేసుకుంటూ ఆ తలుపు చూశాను. దానికీ తాళం ఉంది. మంగళవారం ఆయన డయాలసిస్ రోజు, భార్యాభర్తలిద్దరూ చీకటితోనే ఆసుపత్రికి వెళతారు కాబట్టి తాళం ఉండడం మామూలే అనుకుని మెట్లు దిగాను. అప్పటికే ఆయన గుండె ఆగిపోయిందని తర్వాత తెలిసింది. తర్వాతి స్టేషన్‌లో దిగి, ఎదుటి ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి, ఢిల్లీలో మా ఇల్లున్న ద్వారక వైపు బండి ఎక్కాను. ఆఫీసుకి రానని ఎవరికీ చెప్పలేదన్న సంగతి సాయంత్రానికి గాని గుర్తు రాలేదు.

సుబేదారుగారు నాకు గోల్ఫ్ నేర్పారు. నన్నెరిగినవాళ్ళు ఈ మాట వింటే నవ్వుతారు. గుర్‌గావ్‌లో ఒక కంపెనీ గోడౌనులో సరుకు చూసుకునే మనిషిని నేను. గోల్ఫ్ మైదానంలో అడుగుపెట్టి ఆట ఆడినవాణ్ణి కాను. మా మేడ మీద, నీళ్ళ ట్యాంకులకీ బట్టలారేసే తీగలకీ మధ్య, రోజుకి పావుగంట చొప్పున నాలుగేళ్ళు ఆయన దగ్గర ఊపు నేర్చుకున్నాను. ఊపు అన్నది ఆయన మాటే. కర్రను వెనక్కి తీసుకుని కుడి భుజం పైదాకా ఎత్తి, మళ్ళీ కిందికి తెచ్చి, బంతి ఉన్నచోటు దాటించి, ఎడమ భుజం మీదికి తీసుకుపోవడం. ఇంగ్లీషులో స్వింగ్ అంటారు. చూడడానికి రెండు సెకన్ల పని.

ఆయన ముఖం చూడక ముందే ఆయన చప్పుడు నాకు తెలుసు. మేము ఆ ఫ్లాట్‌లోకి మారిన కొత్తలో, తెల్లవారుతుండగా నెత్తి మీద నుంచి ఒక శబ్దం వచ్చేది. "స్" అని చిన్నగా మొదలై, ఆగేది. ఆ తర్వాత "స్స్‌వ్" అని గాలిని కోసినట్టు ముగిసేది. ఎవరో చాప దులుపుతున్నారనుకున్నాను. రోజూ అంతసేపు దులపవలసిన చాప ఏమిటో చూద్దామని ఒకరోజు మెట్లెక్కాను. మంకీ క్యాపు, మోచేతుల దగ్గర పలచబడిన ఆకుపచ్చ స్వెట్టరు, చేతిలో ఇనుప తల ఉన్న కర్ర. తీగ మీద పాత రజాయి ఒకటి వేలాడదీసి, దానికేసి బోలు ప్లాస్టిక్ బంతిని కొడుతున్నారు. కొట్టి, నడిచి వెళ్ళి, బంతి తీసుకుని, దాన్ని తెలుగులో తిట్టుకుంటూ వెనక్కి వస్తున్నారు.

"తెలుగువారా అండీ?" అన్నాను.

"ఏటి, ఎదురింట్లో దిగినోరు మీరేనా? నెల్లాళ్ళయింది. తాళం కనపడతాది గానీ మనిషి కనపడ్డు" అన్నారు. తర్వాత కర్ర నా చేతికిచ్చారు. "పట్టుకోండి. బరువెంతుందో సూడండి, సాలు."

అంతే మా పరిచయం. మర్నాడు నేను మళ్ళీ మెట్లెక్కాను. మూడోరోజుకి "మీరు" పోయి "బాబూ" వచ్చింది.

ఆయనది శ్రీకాకుళం వైపు ఊరు. చిన్నప్పుడే సైన్యంలో చేరారు. కొండల్లో ఉండగా ట్రక్కు తిరగబడి కుడి భుజం దెబ్బతింటే, బరువు పనులకి పనికిరాడని ఢిల్లీ కంటోన్మెంటులో గోల్ఫ్ మైదానం పనికి వేశారు. మొదట బంతులు ఏరడం. తర్వాత అధికారుల సంచులు మోయడం. మోస్తూ మోస్తూ, ఎవరి చేతులు ఏం చేస్తున్నాయో చూసి నేర్చుకున్నారు. కొన్నాళ్ళకి అధికారుల పిల్లలకి ఆయనే నేర్పేవారు, ఆ తర్వాత అధికారులకీ. ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నది కాదు. నాకు వచ్చిన నాలుగు పనులూ నేనూ అలా పక్కవాడి చేతులు చూసి నేర్చుకున్నవే కాబట్టి, ఆయనంటే నాకు మొదటి నుంచీ ఒక నమ్మకం కుదిరింది.

నాకున్నది పావుగంట. నీళ్ళ మోటారు కట్టేశాక, మెట్రోకి బయలుదేరే లోపల. మొదట్లో అది చెప్పడానికి సిగ్గుపడ్డాను.

"పావుగంటలో ఏం వస్తుందండీ?"

"సాహెబులకి పరేడ్‌కి ముందర పావుగంటే ఉండీది. కర్నలైనా పావుగంటే. గంట టైమున్నోడు ముప్పావుగంట తప్పులే సాధన చేస్తాడు బాబూ. నీకా బాధ లేదు."

ఆ పావుగంటకి ఆయన దగ్గర ఒక వరస ఉండేది. మొదట చెప్పులు విప్పి ఊరికే నిలబడాలి. డిసెంబరులోనైనా సరే. బరువు మడమల మీద ఉందో వేళ్ళ మీద ఉందో తెలిసేదాకా కర్ర ముట్టుకోనిచ్చేవారు కాదు. తర్వాత ఆయన నాకని తెచ్చిపెట్టిన పాత కర్రను తిరగేసి, ఇనుప తల వైపు పట్టుకుని, పిడితో గాలిలో ఊపాలి. అలా పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది, చప్పుడు బాగా వినపడుతుంది. చప్పుడు బంతి ఉండవలసిన చోటు దాటాక రావాలి. ముందే వస్తే బలం దారిలోనే ఖర్చయిపోయినట్టు. చివరి అయిదు నిమిషాలకి గాని బంతి లేదు. అవీ తొమ్మిదే. పదోది అడిగితే, "లంచ్‌లో అప్పడం లాంటిది, రెండోసారి అడక్కూడదు" అనేవారు.

రోజుకి ఒక్కటే దిద్దేవారు. కుడి మడమ ముందే లేస్తోందని అంటే ఆ రోజంతా మడమే. నా మోచేయి కూడా వంకరగా పోతోందని నాకే తెలిసి, అది కూడా చెప్పమంటే చెప్పేవారు కాదు.

"రెండోది రేపటికుండనీ. అదెక్కడికీ పోదు. తప్పులకి కాళ్ళుండవు."

అన్నిటికన్నా నాకు కష్టంగా ఉండేది ఆపడం. ఒక ఊపు బాగా వస్తే అక్కడితో ఆ రోజుకి సరి. ఒకసారి మూడో బంతికే కర్ర గాలిలోంచి జారినట్టు వచ్చింది. చేతుల్లో ఏమీ తగలనట్టే బంతి వెళ్ళి రజాయి మధ్యలో పడింది. ఆయన మిగిలిన బంతులు ఏరి జేబులో వేసుకున్నారు.

"ఇంకా నాలుగు నిమిషాలుందండీ."

"ఉంటే కిందికెల్లి మీ ఆవిడికి కూరలు తరుగు. ఇంకోటి కొట్టి పాడుచేసినావా, ఒళ్ళు దాన్నే గుర్తెట్టుకుంటాది. ఆఖరుదే గుర్తెట్టుకుంటాది ఒళ్ళు."

మా ఆవిడకి ఇదంతా వింతగా ఉండేది. "అంత ఊపాలని ఉంటే ఇంట్లో చీపురుందిగా" అనేది. ఆ మాట ఆయనకి చెబితే చాలాసేపు నవ్వి, "తప్పు లేదు, మొదట్లో నేనూ చీపురుతోనే నేర్చుకున్నాను, మైదానం ఊడుస్తా" అన్నారు.

ఇంకొక సంగతి చెప్పాలి. నేను ఊపుతున్నప్పుడు ఆయన నన్ను చూసేవారు కాదు. కాళ్ళూ భుజాలూ ఒకసారి సర్ది, వెళ్ళి పిట్టగోడ దగ్గర నాకు వీపు పెట్టి నిలబడేవారు. "నేను సూస్తే నువ్వు నాకోసం ఊపుతావు. అది నీ ఊపు కాదు" అనేవారు. చెవితోనే వినేవారు. చప్పుడును బట్టి మడమ లేచిందో మోచేయి విడిందో చెప్పేవారు, అది సరిగ్గానే ఉండేది. బంతి అబద్ధమాడుతుంది గానీ చప్పుడు ఆడదని ఆయన నమ్మకం.

జరిగిన సంగతి రోజూ రెండు మూడు ముక్కల్లో పుస్తకంలో రాసుకోవడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. మెట్రోలో చోటు దొరికితే కూర్చుని, లేకపోతే నిలబడే రాస్తాను. ఊపు కూడా ఆ పుస్తకంలోకి ఎక్కింది. "మడమ. ఏడు ఊపులు. రెండు ఫరవాలేదు." ఒకరోజు ఆయన అది చూశారు.

"ఊపులకి కూడా హాజరుపట్టీయా బాబూ! శాబాష్. ఎవడైనా గైరుహాజరైతే రిపోర్టు నాకియ్యి."

ఆయన చూడని పేజీ ఒకటుంది. మొదటి నెలలోనే రాసుకున్నది. "పైన ఒక క్షణం ఆగాలి. అసలు కిటుకు ఇదే." ఆ మాట ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనే కనిపెట్టాననుకున్నాను. ఆయన కర్రను భుజం పైకి ఎత్తగానే ఒక్క క్షణం ఆగేవారు. గడియారం కొట్టబోయే ముందు ఆగినట్టు ఉండేది. కుడి భుజం కొంచెం కుంగేది. తర్వాతే కిందికి వచ్చేది. మా నెత్తి మీద నుంచి వినపడిన చప్పుడు మధ్యలో తెగడానికి కారణం అదే. ప్రతి గురువూ ఒకటేదో చెప్పకుండా దాచుకుంటాడంటారు, ఈయన దాచుకున్నది ఇదే కాబోలు అనుకున్నాను. అడగలేదు. అడిగే స్వభావం కాదు నాది. చూసి, రాసుకుని, అద్దం ముందు చేసి, నెల తిరిగేసరికి నా చేతులకీ ఆ ఆగడం వచ్చేసింది. భుజం కుంగడంతో సహా. అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. నాలుగేళ్ళు అడగలేదు.

నిజం బంతులు కొట్టడానికి ఏ రెండు నెలలకో ఒక ఆదివారం మా సెక్టారుకి కొంచెం దూరంలో ఉన్న ప్రాక్టీసు మైదానానికి వెళ్ళేవాణ్ణి. కిందటేడు వర్షాలయ్యాక ఆయన కిడ్నీల సంగతి బయటపడింది. వారానికి మూడు రోజులు ఆసుపత్రి. అప్పట్లో ఒక ఆదివారం ఆయన రాలేక నేనొక్కణ్ణే వెళ్ళాను. అక్కడ నేర్పే అమ్మాయి ఒకతె ఉంది, హర్యానా పిల్ల. నా వెనక నిలబడి కాసేపు చూసి, ఫోనులో నా ఊపు వీడియో తీసింది.

"అంకుల్ జీ, ఊపర్ జాకే రుకతే క్యోఁ హో? కంధే మేఁ చోట్ హై క్యా?"

పైకి వెళ్ళి ఎందుకు ఆగుతున్నావు, భుజానికి దెబ్బేమైనా తగిలిందా అని. లేదన్నాను. నాకు నేర్పిన ఆయన పద్ధతి అది అన్నాను. ఆ అమ్మాయి ఏదో అనబోయి మానుకుని, "ఏక్ బార్ ఉన్‌కో దిఖా దేనా" అని, ఒకసారి ఆయనకి చూపించమని, వీడియో నాకు పంపింది.

చూపించాను. ఆ అమ్మాయికేం తెలుసని ఆయన నవ్వుతారనుకుని చూపించాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. రెండేళ్ళ క్రితం మెట్ల గుమ్మంలో నిలబడి, నేర్చుకోవడం కోసం, ఆయనకి తెలియకుండా ఆయన ఊపు వీడియో తీసి పెట్టుకున్నాను. రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూపించాను. ఎంత అచ్చుగుద్దినట్టు వచ్చిందో చూడండి అన్నట్టు. ఈ సంగతి రాయడానికి మూడు రోజులు పట్టింది నాకు.

ఆయన మొదట నాది చూశారు. తర్వాత తనది. ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు.

"ఈడెవుడు? నేనా?"

"మీరేనండీ."

జీవితంలో తన ఊపు తను చూసుకోవడం అదే మొదటిసారి. మళ్ళీ పెట్టమన్నారు. నాలుగుసార్లు చూశారు. కర్రను గోడకి ఆనించి, ట్యాంకు దిమ్మ మీద కూర్చున్నారు.

"ఇది ఊపు కాదు బాబూ. ఇది నొప్పి. సెయ్యి పైకెత్తినప్పుడల్లా ఇక్కడ పట్టీసుద్ది, అది ఒగ్గీదాకా ఉంటాను. ఉంటన్నట్టు నాకే తెల్దు." భుజం మీద చెయ్యి వేసుకున్నారు. "నా నొప్పి నీకు నేర్పీసినాను."

నాకు అదే బాగుందండీ అనాలని ఉంది.

"నా సప్పుడులాగే ఇనపడతంది కదా, సరిగ్గానే ఉందనుకున్నాను. సెవి కూడా నాదే గదా, ఏం సెప్తాది" అన్నారు. ఫోను చూస్తూనే, "ఆ సాహెబుల పిల్లలు... ఆలకి ఎవులో ఒకలు దిద్దుంటారు. పెద్ద పెద్ద స్కూళ్ళకెల్లినారు. నీకెవులున్నారు? నీకు నేనే గదా" అన్నారు.

తర్వాత ఫోను నా చేతికిచ్చి, "నాది ఇందులోంచి తీసీ. ఇప్పుడే. నా ముందర" అన్నారు. తీసేశాను. ఫోనులో ఉండే చెత్తబుట్టలోంచి కూడా తీసెయ్యమన్నారు. సైన్యంలో పనిచేసిన మనిషి, పని సగంలో వదిలితే ఒప్పుకునేవారు కాదు. అది కూడా తీసేశాను.

ఆ రోజు నుంచి ఆయన నా ముందు మళ్ళీ కర్ర పట్టుకోలేదు. ఇంట్లో కూడా పట్టుకోవడం లేదని వాళ్ళావిడ చెప్పారు. అక్కగారు అంటాను ఆమెను. "ఏటైంది తమ్ముడూ? ముప్పై ఏళ్ళు ఆ కర్ర తలగడ పక్కనుంటే సవితిలాగా సూసీదాన్ని. ఇప్పుడు మంచం కిందికి తోసీసినారు" అన్నారు. నాకు జవాబు తెలుసు. చెప్పలేదు.

ఆయనకి ఒకటే పట్టుదల వచ్చింది. నా ఊపులోంచి ఆ ఆగడాన్ని తీసెయ్యాలి. మంగళ, గురు, శనివారాలు ఆసుపత్రి. మిగిలిన నాలుగు రోజులు మెట్లెక్కి వచ్చేవారు. ఎక్కేది ఒక్క అంతస్తే, మధ్యలో రెండుసార్లు నిలబడేవారు. చలికాలం. పొగమంచులో ఎదుటి బ్లాకు కనపడేది కాదు. వద్దండీ, ఎండలు వచ్చాక చూద్దాం అంటే వినలేదు.

"ఎండలొచ్చీదాకా ఎవులున్నారో" అని ఆయన అనలేదు. అంటారేమోనని నేనే భయపడుతూ ఉండేవాణ్ణి. ఆయన అన్నది వేరు. "పావుగంటలో ఎక్కినాది పావుగంటలోనే దిగుతాది. రోజులే ఎక్కువ గావాల."

ఆ ఆగడాన్ని తీయడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం విచిత్రమైనది. గడ్డి కోసినట్టు కర్రను అటూ ఇటూ నిలపకుండా ఊపుతూ, నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అంటూ ఉండాలి. గొంతు తెగకూడదు. గొంతు తెగిందంటే చెయ్యి ఆగినట్టే. నాకు నలుగురిలో గట్టిగా మాట్లాడడమే రాదు, తెల్లవారకుండా మేడ మీద నిలబడి రాగం తీయడమంటే ప్రాణం పోయినంత పనైంది. పక్క బ్లాకు ఆవిడ బట్టలారేయడానికి వచ్చి, బకెట్టు దించి, "అంకుల్ జీ, కోయీ నయా యోగా హై క్యా?" అంది, ఇదేమన్నా కొత్త యోగానా అని.

"హాఁ జీ, సాహెబుకి మలబద్ధకం" అన్నారు సుబేదారుగారు హిందీలో, ముఖంలో నవ్వు లేకుండా. ఆవిడ తడి బట్టలన్నీ ఒకే తీగ మీద కుప్పగా పడేసి వెళ్ళిపోయింది.

వారాలు గడిచాయి. పోయేది కాదు. పైకి వెళ్ళగానే నా గొంతు తెగేది. ఆయన పిట్టగోడ దగ్గర నుంచి, వీపు తిప్పకుండానే, "ఉంది" అనేవారు. మళ్ళీ. "ఉంది." ఆయన నోట వినపడేది ఆ ఒక్క మాటే. నా పుస్తకంలో రెండు నెలల పాటు అదే మాట. ఉంది. ఉంది. ఉంది. ఒకరోజు విసిగిపోయి అన్నాను.

"ఉంటే ఏమైందండీ? నేనేమన్నా పోటీలకి వెళ్తానా? ఉండనివ్వండి."

ఆయన ఇటు తిరిగారు. మంకీ క్యాపులో ముఖం బాగా చిక్కిపోయి ఉంది.

"నువ్వు కర్ర ఎత్తినప్పుడల్లా నాకిక్కడ నొప్పెడతంది బాబూ" అన్నారు భుజం చూపిస్తూ. "నీది మంచి భుజం. దానికి నా దెబ్బ ఎందుకు? ఇది నాతో పోవాల."

ఆ తర్వాత నేను ఎదురు చెప్పలేదు. ఒక్కొక్కప్పుడు అబద్ధం చెప్పి ఆయన్ని కిందికి పంపేద్దామనిపించేది. కానీ వినేది ఆయన చెవి. అబద్ధం నడవదు.

పొగమంచు పలచబడ్డాక ఒక బుధవారం అది పోయింది. ఎలా పోయిందో నేను చెప్పలేను. ఆ రోజు ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. ఆరో ఊపో ఏడో ఊపో, కర్ర పైకి వెళ్ళింది, ఎక్కడా ఏమీ తగలలేదు, కిందికి వచ్చేసింది. చప్పుడు ఒక్క ముక్కగా వచ్చింది. గొంతు తెగలేదు. పిట్టగోడ దగ్గర ఆయన కుడిచెయ్యి పైకెత్తారు. ఆ చెయ్యి సగం దాకానే లేచేది.

"బస్. ఆపీ. ఇయ్యాలకి ఇంకోటొద్దు."

దగ్గరకు వచ్చి నా భుజం రెండువేళ్ళతో నొక్కి చూశారు, మామిడిపండు చూసినట్టు. "ఇప్పుడిది నీది" అన్నారు. మెట్లు దిగుతూ ఆ రోజు మధ్యలో ఒక్కసారే నిలబడ్డారు. నా పుస్తకంలో ఆ రోజు ఒకే మాట ఉంది. పోయింది.

ఆ తర్వాత శుక్రవారం, ఆదివారం, సోమవారం వచ్చారు. మూడు రోజులూ మొదటి ఊపుకే ఆపించేశారు. మంగళవారం ఆసుపత్రికి వెళ్ళారు.

దహనానికి సొసైటీ వాళ్ళు, పాత సైనికులు కొందరు వచ్చారు. పెద్దకూతురు విశాఖ నుంచి వచ్చి పదమూడు రోజులూ ఉంది. నేను చేయవలసిన పనులు చేశాను. బల్లలు తెప్పించడం, వచ్చినవాళ్ళకి టీలు చూడడం, ఆసుపత్రి కాగితాలు తీసుకురావడం. చేతికి పని ఉన్నంతసేపు బాగానే ఉంది.

నాలుగో రోజున మేడ మీదికి వెళ్ళాను. రజాయి తీగ మీదే ఉంది, ఎవరూ తీయలేదు. చెప్పులు విప్పి నిలబడ్డాను. ఊపాను. కర్ర శుభ్రంగా వెళ్ళి శుభ్రంగా వచ్చింది. పిట్టగోడ వైపు చూశాను. మళ్ళీ ఊపాను. ఎక్కడా ఆగలేదు. అప్పుడు నాకు తెలిసింది, నాలుగేళ్ళుగా నా చేతుల్లో ఉన్న మనిషి ఇప్పుడు లేడని. ఆయనే దగ్గరుండి, రోజుకి పావుగంట చొప్పున, తనను తాను నాలోంచి తీసేసుకున్నారు.

ఆ ఆగడాన్ని వెనక్కి తెచ్చుకోవాలని చూశాను. దాచుకోవడం తగదు కాబట్టి చెబుతున్నాను. ఆయన వద్దన్న పనే అది, ఆయన ఆఖరి రోజులన్నీ దేని మీద ఖర్చు పెట్టారో దాన్ని పాడుచేసే పని. అయినా వారం రోజులు అదే చేశాను. పైన ఆపాను. ఆగింది. కానీ నేను ఆపితే ఆగడం వేరు. ఆయనది ఆగింది కాదు, ఏదో పట్టుకుంటే విడిపించుకోవడం. ఎంతసేపు ఆగేవారు? భుజం ముందు కుంగేదా, చెయ్యి ముందు ఆగేదా? వీడియో లేదు. పుస్తకంలో చూస్తే "పైన ఒక క్షణం" అని మాత్రం ఉంది. ఆ క్షణం ఎంతో నాకు గుర్తు లేదు. ఆఖరుదే ఒళ్ళు గుర్తు పెట్టుకుంటుందని ఆయన అన్నది నిజం. నా ఒంటికి ఆ బుధవారం ఊపే గుర్తుంది.

కొన్ని తెల్లవారుజాముల్లో నిద్రలో ఉండగా నెత్తి మీద నుంచి చప్పుడు వినిపిస్తుంది. "స్" అని మొదలవుతుంది. మిగతా సగం కోసం కళ్ళు తెరిచి పడుకుని ఉంటాను. రాదు.

కూతురు వెళ్ళిపోయాక, మొన్న ఆదివారం, నేను మేడ మీద ఉండగా అక్కగారు మెట్లెక్కి వచ్చారు. ఆమె అటు రావడం నేను ఎప్పుడూ చూడలేదు. మోకాళ్ళ నొప్పులు. పైకి వచ్చి గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకున్నారు.

"ఊపు తమ్ముడూ, ఆపకు. ఇనడానికే వచ్చినాను."

ఊపాను. ఆమె తల అడ్డంగా ఆడించారు.

"ఇదే. కింద మంచం మీద నాకిదే ఇనపడతంది. మునుపు నువ్వు ఊపినా, ఈయనే పైనున్నారనుకునీదాన్ని. టీ కూడా పెట్టీదాన్ని. తీరా సూస్తే ఈయన గదిలోనే ఉండీవోరు." కాస్త నవ్వారు. "ఇప్పుడు సప్పుడైతే సాలు, ఈయన కాదని తెలిసిపోతంది."

నేను కర్ర కిందికి దించాను. ఎందుకలా అయిందో ఆమెకి చెప్పాను. వీడియో సంగతి, ఆయన అన్న మాట, నాలుగు నెలల పని, అన్నీ. చెప్పడం పూర్తయ్యాక క్షమించమన్నాను. ఆ కర్ర మంచం కిందికి పోవడానికి నేనే కారణమన్నాను. తిరిగి తెచ్చుకుందామంటే ఎలా ఆగేవారో నాకు గుర్తు రావడం లేదని కూడా అన్నాను.

పై నుంచి విమానమొకటి దిగుతూ వెళ్ళింది, దాని చప్పుడు పోయేదాకా ఆమె గుమ్మం పట్టుకునే ఉన్నారు. తర్వాత గుమ్మం వదిలి రెండడుగులు ముందుకు వచ్చి, చెప్పులు విప్పారు. కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టారు. గోల్ఫ్ కర్ర ఒక్కనాడూ పట్టుకోని మనిషి, ఖాళీ చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి వేసి, ఏమీ లేని పిడిని పట్టుకున్నారు.

"కిటికీలోంచి సూసీదాన్ని. కంటోన్మెంటు క్వార్టర్ల కాడ నుంచీ" అన్నారు.

చేతులు పైకి లేచాయి. కుడి భుజం దాకా వెళ్ళాయి. భుజం కుంగింది, తర్వాత చేతులు ఆగాయి. అచ్చంగా అదే. పళ్ళ మధ్య నుంచి ఒక చిన్న మూలుగు కూడా వచ్చింది, అది ఆయన దగ్గర నేను ఎన్నడూ వినలేదు. వినేంత దగ్గరగా నేనెప్పుడూ నిలబడలేదు.

"ఇక్కడ" అన్నారామె. "ఇక్కడ పట్టీసీది."

తర్వాతిది కిందికి తేవడమే. ఆమె తేలేదు. బోసిగా ఉన్న మణికట్లు రెండూ చెవి పక్కన అలా నిలిచిపోయాయి. నేను దించమనలేదు.